మెష్ వైఫై ఉన్న ఇంట్లో కంప్యూటర్ల బ్యాకప్: ఏ ఇంటికి ఏ పద్ధతి

కింద హాల్లో ఇంటర్నెట్ సంస్థవారు బిగించిన ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ తీగ వచ్చి చేరే పరికరం), దాని పక్కనే మెష్ వైఫై (పలు పెట్టెలు కలిసి ఇల్లంతా ఒకే వైఫై పంచే ఏర్పాటు) ప్రధాన నోడ్ అంటే ముఖ్యమైన పెట్టె, మేడ మీద గదుల్లో ఒకటో రెండో అనుబంధ నోడ్లు ఉండే అమరిక రెండంతస్తుల డాబా ఇళ్లలోనూ, మూడు పడగ్గదుల ఫ్లాట్లలోనూ ఇప్పుడు మామూలైంది. అటువంటి ఇంట్లో మూడు నాలుగు కంప్యూటర్లు ఉన్నప్పుడు, వాటిలోని ఫోటోలు, పత్రాలు, పిల్లల చదువుల ఫైళ్లు ఎవరూ గుర్తుచేయకుండానే రోజూ మరొక చోట భద్రపడాలంటే ఎన్నుకోదగిన మార్గాలు ప్రధానంగా ఐదు: కంప్యూటర్‌కొక యూఎస్‌బీ డిస్క్, రౌటర్‌కు తగిలించే డిస్క్, నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు నేరుగా తగిలే డిస్కుల పెట్టె), రాస్ప్‌బెరీ పై (అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్) లేదా పాత కంప్యూటర్‌తో సొంతంగా అమర్చుకునే సర్వర్, క్లౌడ్ సేవ. వీటిలో ఏది మేలన్న ప్రశ్నకు డిస్క్ కంపెనీ పేరూ టెరాబైట్ల సంఖ్యా చెబితే అది సగం సమాధానమే అవుతుంది. మెష్ ఇంట్లో ఫలితాన్ని తేల్చేది, ల్యాప్‌టాప్‌కూ డిస్క్‌కూ మధ్య డేటా ఎన్నిసార్లు గాలిలో ప్రయాణించవలసి వస్తుందన్న లెక్క. ఆ లెక్క కుదిరితే చవక పరికరం కూడా ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. కుదరకపోతే ఖరీదైన నాస్ పెట్టెకు కూడా తొలి బ్యాకప్ వారం రోజులైనా పూర్తి కాదు.

గాలి మజిలీల లెక్క

మెష్ పెట్టె మీద ముద్రించిన వేగానికీ, ఫైలు నిజంగా కాపీ అయ్యే వేగానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటి కారణం, పెట్టె మీద ఉండేవి మెగాబిట్లు, ఫైళ్లను కొలిచేవి మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ గనుక ఆ సంఖ్యను ముందుగా ఎనిమిదితో భాగించాలి. రెండో కారణం, వైఫై లింకు వేగంలో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే అసలు డేటాకు దక్కుతుంది. మిగిలినది పరికరాలు వంతులు తీసుకోవడానికీ, అందినట్టు ఒకదానికొకటి చెప్పుకోవడానికీ ఖర్చవుతుంది. రెండు యాంటెన్నాల సాధారణ ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 80 మెగాహెర్ట్జ్ ఛానల్ మీద వైఫై 5 ప్రమాణంతో 867 మెగాబిట్లకూ, వైఫై 6 ప్రమాణంతో 1201 మెగాబిట్లకూ లింకు కలుపుతుంది. నోడ్ ఉన్న గదిలోనే కూర్చున్నా, వైఫై 6 ల్యాప్‌టాప్ నుంచి సెకనుకు 75 నుంచి 90 మెగాబైట్లు కాపీ అయితే బాగా జరిగినట్టే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోకి జారిపోతే 20 మెగాహెర్ట్జ్ ఛానల్ మీద వైఫై 5 నాటి ల్యాప్‌టాప్‌కు లింకు వేగమే 144 మెగాబిట్లు. దానిలోనూ ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 అని మూడే గనుక, అపార్ట్‌మెంట్లో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అక్కడే తోసుకుంటాయి.

ఇప్పుడు అనుబంధ నోడ్ సంగతి. రెండు బ్యాండ్ల మెష్‌లో ఆ నోడ్ ల్యాప్‌టాప్ నుంచి డేటా అందుకోవడానికీ, దాన్ని ప్రధాన నోడ్‌కు పంపడానికీ ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియోను వాడుతుంది. రేడియో ఒక సమయంలో వినడమో చెప్పడమో ఒక్కటే చేయగలదు గనుక, ఒంటి పట్టాల రైలు మార్గంలో ఎదురు బండి కోసం స్టేషన్లో ఆగినట్టు, ప్రతి ముక్కా తన వంతు కోసం ఆగుతుంది. వేగం సగానికి, గోడలు అడ్డుగా ఉంటే అంతకన్నా కిందికి పడిపోతుంది. మూడు బ్యాండ్ల మెష్‌లో నోడ్ల మధ్య ప్రయాణానికి ఒక రేడియోను ప్రత్యేకంగా కేటాయిస్తారు కాబట్టి ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. 2016లో ఈరో, ఆర్బీ, గూగుల్ వైఫై వంటి గృహ మెష్‌లు ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చినప్పుడు ఆర్బీకి ముఖ్యమైన ఆకర్షణ ఈ మూడో రేడియోనే. అయితే అన్నిటికన్నా మేలైనది నోడ్ల మధ్య లాన్ కేబుల్ లాగడం. మామూలు క్యాట్ 5ఇ కేబుల్ 100 మీటర్ల దూరం వరకు గిగాబిట్ వేగాన్ని, అంటే ఆచరణలో సెకనుకు 110 మెగాబైట్ల దాకా, ఏ ఒడిదుడుకూ లేకుండా మోస్తుంది.

కేబుల్ లాగలేని ఇంట్లో బ్యాకప్ డిస్క్‌ను ఎక్కడ పెట్టారన్నది నోడ్లకు పెట్టిన ఖర్చు కన్నా ముఖ్యం. డిస్క్ ప్రధాన నోడ్‌కు కేబుల్‌తో తగిలి ఉండి, ల్యాప్‌టాప్ కూడా ఆ గదిలోనే ఉంటే గాలి మజిలీ ఒక్కటే. ల్యాప్‌టాప్ మేడ మీద అనుబంధ నోడ్ దగ్గర ఉంటే రెండు. డిస్క్‌ను ఒక అనుబంధ నోడ్‌కు తగిలించి, ల్యాప్‌టాప్ మరొక అనుబంధ నోడ్ పరిధిలో ఉంటే డేటా ప్రధాన నోడ్ మీదుగా చుట్టూ తిరిగి మూడు మజిలీలు దాటాలి. నాస్ పెట్టెను చదువుకునే గదిలో అందంగా అమర్చుకోవాలన్న కోరిక వల్ల వచ్చే ఇబ్బంది ఇదే. డిస్క్‌ను ఎప్పుడూ ప్రధాన నోడ్ దగ్గరే, కేబుల్‌తోనే ఉంచాలి. దీనికి ఒకే మినహాయింపు: బ్యాకప్ చేయవలసిన పెద్ద డెస్క్‌టాప్ ఒక్కటే ఉండి, అది మేడ మీది నోడ్‌కు కేబుల్‌తో కలిసి ఉంటే, డిస్క్‌ను కూడా అదే నోడ్ లాన్ పోర్టుకు తగిలిస్తే డేటా అసలు గాలిలోకే రాదు.

ఒక టెరాబైట్ డేటాను లెక్కకు తీసుకుందాం. సెకనుకు 110 మెగాబైట్ల గిగాబిట్ కేబుల్ మీద అది సుమారు రెండున్నర గంటల పని. రెండు గాలి మజిలీల రెండు బ్యాండ్ల మెష్‌లో సెకనుకు 25 మెగాబైట్లు దొరికితే పదకొండు గంటలు. మధ్యలో స్లాబు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ పడి సెకనుకు 11 మెగాబైట్లకు తగ్గితే పాతిక గంటలు. ఇది పెద్ద ఫైళ్ల లెక్క. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే, ఒక్కొక్క ఫైలుకూ విడిగా జరిగే సంప్రదింపుల వల్ల ఇంకా ఎక్కువ పడుతుంది. సెకనుకు 11 మెగాబైట్ల సంఖ్య మరొక చోట కూడా ఎదురవుతుంది. కొన్ని చవక మెష్ నోడ్ల లాన్ పోర్టులు గిగాబిట్‌వి కావు, 100 మెగాబిట్‌వి. వాటికి ఎంత మంచి నాస్ తగిలించినా అంతకు మించి రాదు. ఎనిమిది తీగలకు బదులు నాలుగే తీగలు బిగించిన లాన్ కేబుల్ వాడినా సరిగ్గా ఇదే జరుగుతుంది.

అమెరికాలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు తమ ఇంట్లో అద్భుతంగా పనిచేస్తోందని సిఫారసు చేసిన మెష్ ఇక్కడ అంతగా పనిచేయకపోవడానికి కారణం నోడ్లలో లేదు. అక్కడి ఇళ్ల లోపలి గోడలు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం పలకలు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వాటిలోంచి సులువుగా దూరిపోతాయి. మన స్లాబులో కాంక్రీటూ, ఇనుప కడ్డీల వలా రెండూ ఉంటాయి. అందువల్ల ఆ సమీక్షల్లోని చదరపు అడుగుల అంకెలను యథాతథంగా తీసుకోకూడదు. నోడ్లను మెట్ల దారికి దగ్గరగా, ఒకదానికొకటి వీలైనంత ఎదురెదురుగా ఉంచితే కొంత ఉపశమనం. కరెంటు తీగల మీదుగా నెట్‌వర్క్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లను కొందరు ప్రత్యామ్నాయంగా చూపుతారు గాని, త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో రెండు సాకెట్లు వేర్వేరు ఫేజుల మీద ఉంటే వాటి పనితీరు దెబ్బతింటుంది కనుక, తిరిగి ఇచ్చే వీలుంటే తప్ప కొనవద్దని నా సలహా.

ఇంత లెక్క వేసినా ఒక ఊరట ఉంది. ఎక్కువ సమయం తీసుకునేది తొలి బ్యాకప్ ఒక్కటే. ఆ తర్వాత రోజూ మారిన ఫైళ్లు మాత్రమే వెళతాయి. ఆఫీసు పనికి వాడే ల్యాప్‌టాప్‌లో రోజుకు ఒకటి రెండు గిగాబైట్లు మారితే, అధ్వానమైన వైఫై మీద కూడా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. కాబట్టి తొలిసారి మాత్రం ల్యాప్‌టాప్‌ను కిందికి తెచ్చి, యూఎస్‌బీ నుంచి గిగాబిట్ లాన్‌కు మార్చే అడాప్టర్‌తో ప్రధాన నోడ్‌కు కలిపి, ఒక రాత్రి వదిలేయడం ఈ వ్యాసంలోని సలహాలన్నిటిలోకీ చవకైనది, ఫలితం ఎక్కువైనది. డిస్క్‌ను నాస్‌గా, అదే షేర్ (నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకు తెరిచి ఉంచిన ఫోల్డర్) పేరుతో వాడుతున్నంత కాలం, కేబుల్ తీసి వైఫైకి మారినా సాఫ్ట్‌వేర్ అదే బ్యాకప్‌ను కొనసాగిస్తుంది. కానీ మ్యాక్ టైమ్ మెషీన్ తొలి కాపీని డిస్క్‌కు నేరుగా యూఎస్‌బీతో చేసి, తర్వాత ఆ డిస్క్‌ను తీసుకుపోయి నెట్‌వర్క్‌కు తగిలిస్తే కొనసాగదు. నేరుగా తగిలిన డిస్క్ మీద రాసే తీరూ, నెట్‌వర్క్ షేర్ మీద రాసే తీరూ వేరు.

ఐదు మార్గాలు

ఇంట్లో ఉన్నది ఒకే ల్యాప్‌టాప్ అయితే నెట్‌వర్క్ బ్యాకప్ అనవసరం. యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలించే 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్క్ సెకనుకు 100 మెగాబైట్లకు పైగా రాస్తుంది. గాలి మజిలీ సున్నా. దీని లోపం యంత్రానిది కాదు, మనిషిది: డిస్క్ తీసి తగిలించాలన్న పని ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత ఏదో పోయిన రోజున అన్నట్టు సాగే ఇళ్లే ఎక్కువ. మూడు ల్యాప్‌టాపుల ఇంట్లో ఈ పద్ధతి నిలబడుతుందని నేను నమ్మను.

రౌటర్ వెనుక యూఎస్‌బీ పోర్టు ఉంటే దానికే డిస్క్ తగిలించడం చూడటానికి తెలివైన పొదుపులా ఉంటుంది. గృహ మెష్ నోడ్లలో చాలావాటికి ఈ పోర్టు ఉండదు. ఉన్నవాటిలోనూ రౌటర్ ప్రాసెసర్ అసలు పనికి తోడు ఫైళ్లు రాసే పని కూడా మోయలేక వేగం పడిపోతుంది. పాత రౌటర్లలో దీనికి మించిన చిక్కు ఉంది: అవి ఫైళ్లు పంచుకోవడానికి ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతినే వాడతాయి. 2017 మేలో ప్రపంచమంతా వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకిన వానాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దుష్ట ప్రోగ్రామ్) ఆ పద్ధతిలోని లోపం మీదుగానే పాకింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన నవీకరణ నుంచి విండోస్ 10లో ఎస్‌ఎంబీ 1 ముందుగా అమర్చి రావడం ఆగిపోయింది. పాత రౌటర్ డిస్క్ కనిపించడం లేదని వీడియోలు చూసి దాన్ని మళ్లీ ఆన్ చేసేవారున్నారు; ఆ పని చేయకండి, రౌటర్‌నే వదిలించుకోండి.

నాస్ పెట్టె అంటే లాన్ పోర్టు, చిన్న ప్రాసెసర్, ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ డిస్కులు పట్టే అరలు ఉన్న పరికరం. సైనాలజీ, క్యూన్యాప్ వంటి కంపెనీల రెండరల పెట్టె మూడు నాలుగు కంప్యూటర్లున్న ఇంటికి సరిగ్గా సరిపోతుంది. పెట్టె ధరలో డిస్కులు చేరి ఉండవన్న సంగతి కొనేముందు గుర్తుంచుకోవాలి. ఖర్చు పరంగా ఐదింటిలో ఇదే మొదట ఎక్కువ. అందుకు ప్రతిఫలంగా దొరికేవి: మ్యాక్‌లకూ విండోస్‌కూ వేర్వేరు షేర్లు, ఒక్కొక్కరికి కోటా, డిస్క్ పాడవుతున్నప్పుడు హెచ్చరిక, స్నాప్‌షాట్ సౌకర్యం. స్నాప్‌షాట్ అంటే షేర్ ఒక నిర్దిష్ట సమయంలో ఎలా ఉందో ఆ రూపాన్ని మార్చడానికి వీలులేకుండా నిలిపి ఉంచడం. ల్యాప్‌టాప్‌లో చొరబడిన రాన్సమ్‌వేర్ నెట్‌వర్క్ షేర్‌లోని ఫైళ్లను కూడా తాళం వేసినప్పుడు మనల్ని ఒడ్డున పడేసేది ఇదే. సైనాలజీలో ఇది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ ఉన్న మోడళ్లలోనే ఉంటుంది, చవకైన కొన్ని మోడళ్లలో ఉండదు. నా దృష్టిలో బ్యాకప్ కోసం నాస్ కొనేవారు ప్రాసెసర్ వేగం కన్నా ముందు దీన్ని అడగాలి. 2.5 గిగాబిట్ లాన్ పోర్టు కోసం అదనంగా చెల్లించడం మాత్రం, ల్యాప్‌టాపులన్నీ వైఫై మీదే ఉన్న ఇంట్లో, డబ్బు వృథా.

రెండు డిస్కులను ఒకదానికొకటి నకలుగా ఉంచే రెయిడ్ 1 గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. ఒక డిస్క్ యాంత్రికంగా చెడిపోతే రెండోది నడిపిస్తుందన్న మాట నిజమే, కానీ పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కుల నుంచీ ఒకే క్షణంలో పోతుంది. కాబట్టి బడ్జెట్ బిగుతుగా ఉంటే రెండో డిస్క్‌ను పెట్టెలో బిగించే బదులు, యూఎస్‌బీ కేసులో పెట్టి నెలకోసారి నాస్ నుంచి కాపీ తీసి, బీరువాలో దాచడం ఎక్కువ ప్రయోజనం.

సొంతంగా చేసుకోగలవారికి రాస్ప్‌బెరీ పై మంచి మార్గం. 2019లో వచ్చిన పై 4 నుంచి దీనికి నిజమైన గిగాబిట్ లాన్, యూఎస్‌బీ 3 రెండూ ఉన్నాయి. అంతకుముందు మోడళ్లలో లాన్ కూడా యూఎస్‌బీ 2 మీదుగానే వెళ్లేది గనుక, పై 3బీ ప్లస్ మోడల్‌కు కూడా 300 మెగాబిట్లు దాటేది కాదు. లినక్స్ మీద సాంబా అనే ఫైళ్లు పంచే ప్రోగ్రామ్ 4.8 లేదా తర్వాతి వెర్షన్ వేసి అమర్చితే మ్యాక్ టైమ్ మెషీన్‌కు కూడా ఇది నాస్‌లానే కనిపిస్తుంది. పై 5 తీసుకుంటే 5 ఆంపియర్ల అడాప్టర్‌తోనే తీసుకోవాలి. 3 ఆంపియర్లది వాడితే యూఎస్‌బీ పోర్టులకు అందే కరెంటును పై 5 తానే 600 మిల్లీఆంపియర్లకు పరిమితం చేస్తుంది, పోర్టబుల్ డిస్క్ మధ్యలో ఊపిరాడక ఆగిపోతుంది. పక్కన పడేసిన పాత డెస్క్‌టాప్‌తోనూ ఇదంతా చేయవచ్చు, కరెంటు బిల్లు మాత్రం ఎక్కువ. ఈ మార్గంలో అసలు ప్రశ్న, అమర్చిన వ్యక్తి ఊళ్లో లేనప్పుడు ఇంట్లో మరెవరైనా దాన్ని చూసుకోగలరా అన్నది. లేరంటే నాస్ కొనడమే క్షేమం.

క్లౌడ్ విషయంలో మెష్ అడ్డంకి కాదు, ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగమే అడ్డంకి. 100 మెగాబిట్ల అప్‌లోడ్ నిరంతరాయంగా దొరికినా టెరాబైట్‌కు ఇరవై రెండు గంటలు పైగా పడుతుంది. 40 మెగాబిట్లయితే యాభై ఐదు గంటలు. మన దగ్గర చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3.3 టెరాబైట్ల వాడుక పరిమితి ఉంటుంది, అది దాటితే వేగం బాగా తగ్గిపోతుంది. ఓటీటీ సినిమాలు బాగా చూసే ఇంట్లో ఒకే నెలలో టెరాబైట్ ఎక్కించడం ఇబ్బందే. ఉచితంగా దొరికేది గూగుల్‌లో 15, వన్‌డ్రైవ్‌లోనూ ఐక్లౌడ్‌లోనూ 5 గిగాబైట్లు. వీటిలో చాలావరకు నిజానికి సింక్ సేవలు: ఇక్కడ చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది, చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉండి శాశ్వతంగా పోతుంది. బ్యాక్‌బ్లేజ్ పర్సనల్ వంటివి అసలైన బ్యాకప్ సేవలే, పరిమాణానికి పరిమితి కూడా లేదు, కానీ వాటికి కంప్యూటర్ల లెక్కన చందా కట్టాలి. నెట్‌వర్క్ డిస్కులను అవి తీసుకోవు. అందువల్ల క్లౌడ్‌ను ఇంటి మొత్తానికి మొదటి బ్యాకప్‌గా కాక, పోతే మళ్లీ దొరకని యాభై వంద గిగాబైట్లకు రెండో బ్యాకప్‌గా ఎంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

వైఫైని తట్టుకునే సాఫ్ట్‌వేర్

వైఫై తెగుతుంది, ల్యాప్‌టాప్ మూత పడుతుంది, మనిషి కింది నుంచి మేడ మీదికి వెళ్లేసరికి ల్యాప్‌టాప్ ఒక నోడ్ నుంచి మరొక నోడ్‌కు మారుతుంది. మధ్యలో తెగినా ఆగిన చోటి నుంచి మొదలుపెట్టగలదా అన్నదే ఇక్కడ సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష. ఈ పరీక్షలో డిస్క్ మొత్తాన్ని ఒకే చిత్రంగా తీసే ఇమేజ్ పద్ధతి వెనుకబడుతుంది, ఫైలు ఫైలుగా తీసే పద్ధతి గెలుస్తుంది. విండోస్ 7 కాలం నాటి సిస్టమ్ ఇమేజ్ సాధనం విండోస్ 11 కంట్రోల్ ప్యానెల్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది గాని, మైక్రోసాఫ్ట్ దాన్ని 2017లోనే కాలం చెల్లినదిగా ప్రకటించింది. ఇమేజ్ కావాలనుకుంటే వీమ్ ఏజెంట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్‌తో కేబుల్ మీద నెలకోసారి తీసుకోండి. రోజువారీ పనికి విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ చాలు. అది గంటకోసారి మారిన ఫైళ్లను నెట్‌వర్క్ షేర్‌కు పంపుతుంది, పాత వెర్షన్లను కూడా నిలుపుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫోటోలు వంటి నిర్ణీత ఫోల్డర్లను మాత్రమే అది పట్టించుకుంటుంది గనుక, డీ డ్రైవ్‌లో సొంత ఫోల్డర్లు పెట్టుకునే అలవాటున్నవారు వాటిని లైబ్రరీల్లో చేర్చడం మరవకూడదు.

మ్యాక్ టైమ్ మెషీన్ వైఫై మీద పనిచేస్తుంది, 24 గంటల వరకు గంటకొక కాపీ, నెల వరకు రోజుకొకటి, ఆపైన వారానికొకటి నిలుపుతుంది. నెట్‌వర్క్ మీద అది రాసేది ఒక పెద్ద డిస్క్ ఇమేజ్‌లోకి గనుక, పదేపదే తెగిపోయే వైఫైలో అప్పుడప్పుడు ఆ ఇమేజ్ పాడై, మొదటి నుంచి కొత్త బ్యాకప్ మొదలుపెట్టమని అడుగుతుంది. నాస్‌లో మ్యాక్ డిస్క్ సామర్థ్యానికి రెండింతలు కోటా పెట్టి, ఆ షేర్‌కు స్నాప్‌షాట్లు ఆన్ చేసి ఉంచితే, చెడిపోయినప్పుడు నిన్నటి రూపానికి వెనక్కు వెళ్లవచ్చు. కమాండ్ లైన్‌కు (ఆదేశాలు టైపు చేసే పద్ధతికి) వెరవనివారికి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ అన్నిటికన్నా మంచిది: డేటాను ముక్కలు చేసి, ఒకే ముక్క రెండుసార్లు పంపకుండా, ల్యాప్‌టాప్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది, మధ్యలో లంకె తెగితే అప్పటికే చేరిన ముక్కలను మళ్లీ పంపదు. ఒకే ఫోటోల ఫోల్డర్ మూడు ల్యాప్‌టాపుల్లో ఉన్నా, మూడూ ఒకే రిపోజిటరీకి (రెస్టిక్ బ్యాకప్‌లు దాచే చోటికి) వెళితే నాస్‌లో ఒక్క కాపీ స్థలమే తీసుకుంటుంది. సింక్‌థింగ్ చక్కని సాధనమే గాని, పేరు చెబుతున్నట్టే అది సింక్, బ్యాకప్ కాదు.

అమర్చేటప్పుడు ఎదురయ్యేవి

నాస్ కొన్నాక మొదటి రోజు వచ్చే సమస్య చాలా ఇళ్లలో ఒకటే: ల్యాప్‌టాప్‌కు నాస్ కనిపించదు. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఓఎన్‌టీ తానే ఒక రౌటర్. దాని వెనుక మెష్ కూడా రౌటర్‌గా పనిచేస్తుంటే ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఏర్పడతాయి. నాస్‌ను ఓఎన్‌టీ లాన్ పోర్టుకు తగిలిస్తే మెష్ వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్‌కు అది పరాయి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. నాస్‌ను మెష్ ప్రధాన నోడ్ పోర్టుకే తగిలించడం సులువైన పరిష్కారం. మెష్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతికి, అంటే రౌటర్ పని మాని వైఫై మాత్రమే పంచేలా, మార్చడం మరొకటి. గెస్ట్ వైఫైలో చేరిన ల్యాప్‌టాప్‌కు కూడా నాస్ కనిపించదు, కనిపించకూడదు కూడా. నాస్‌కు మెష్ యాప్‌లో స్థిరమైన చిరునామా కేటాయించి ఉంచితే కరెంటు పోయి వచ్చినప్పుడు దారి తప్పదు.

కరెంటు విషయానికొస్తే, ఇన్వర్టర్ లైను సాధారణంగా ఫ్యాన్లకూ లైట్లకూ ఉంటుంది, అన్ని సాకెట్లకూ ఉండదు. కింద నాస్ యూపీఎస్ మీద నడుస్తూ, మేడ మీది నోడ్ ఆరిపోతే బ్యాకప్ సగంలో తెగుతుంది. నోడ్లకు కూడా రౌటర్ల కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు సరిపోతాయి, ముందుగా అడాప్టర్ వోల్టేజీ చూసుకోవాలి. నాస్‌కు మాత్రం యూఎస్‌బీ తీగతో సమాచారం ఇచ్చే యూపీఎస్ తీసుకోవాలి, బ్యాటరీ అయిపోకముందే నాస్ తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది. వేడి కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. సైనాలజీ తన గృహ నాస్‌లకు నిర్దేశించిన గది ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో పై అంతస్తు స్లాబు కింద గది మధ్యాహ్నం ఆ హద్దు దాటడం వింతేమీ కాదు. ఈ కారణానికీ నాస్ స్థానం కింది హాలే.

నాస్‌ను ఇంటర్నెట్ వైపు తెరిచి పెట్టవద్దు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, మరుసటి ఏడాది డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూన్యాప్ నాస్‌ల మీద పడ్డాయి. 2021 జూన్‌లో ఇంటర్నెట్‌కు కలిసి ఉన్న వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డిస్కులు ఎక్కడెక్కడివో యజమానుల ప్రమేయం లేకుండానే ఖాళీ అయ్యాయి. ఊరెళ్లినప్పుడు ఫైళ్లు కావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చేవారికి రౌటర్‌లో దారి తెరవడం) చేయకుండా టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన సొంత దారి) వాడాలి. మన ఇంటర్నెట్ సంస్థలు చాలామందికి ఉమ్మడి చిరునామాలే ఇస్తున్నందువల్ల పోర్ట్ ఫార్వర్డింగ్ ఎలాగూ కుదరదు, వీపీఎనే పనిచేస్తుంది. అదే దారిలో మరో లాభం ఉంది. హైదరాబాద్‌లో తల్లిదండ్రుల ఇంట్లో ఒక నాస్, విదేశంలో పిల్లల ఇంట్లో ఒక నాస్ ఉంటే, రాత్రిపూట ఒకరి డేటాను మరొకరి పెట్టెలోకి ఎన్‌క్రిప్ట్ చేసి పంపుకోవచ్చు. నెలసరి చందా లేని రెండో బ్యాకప్ అది. ఇక్కడి పగలు అక్కడి రాత్రి గనుక రెండు ఇళ్ల వాడుకకూ అడ్డు రాని వేళను నిర్ణయించుకోవడమే కొంచెం లెక్క.

ఎవరికి ఏది

ఒకే ల్యాప్‌టాప్, రెండు మూడు వందల గిగాబైట్లు ఉన్నవారు పోర్టబుల్ డిస్క్ ఒకటి, ముఖ్యమైన ఫైళ్లకు క్లౌడ్ ఒకటి తీసుకుంటే నాస్ గురించి ఆలోచించనక్కర లేదు. రెండు నుంచి ఐదు కంప్యూటర్లు, వాటిలో మ్యాక్‌లూ విండోస్‌లూ కలిసి ఉన్న ఇంటికి స్నాప్‌షాట్లున్న రెండరల నాస్‌ను ప్రధాన నోడ్‌కు కేబుల్‌తో తగిలించడం నా మొదటి సిఫారసు. లినక్స్ తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటే దాని బదులు రాస్ప్‌బెరీ పై. వీడియో ఎడిటింగ్ చేస్తూ రోజుకు వంద గిగాబైట్లు పుట్టించేవారికి ఏ మెష్ అయినా తగినది కాదు. వారు ఆ గదికి కేబుల్ లాగించుకోవాలి, అంతవరకు యూఎస్‌బీ డిస్క్‌తో గడపాలి. అద్దె ఇంట్లో గోడలు తొలిచే వీలులేనివారు మెష్ కొనేటప్పుడే మూడు బ్యాండ్లది ఎంచుకోవడం మంచిది. సొంత ఇల్లు కట్టుకుంటున్నవారికి చెప్పేది వేరే: పైపులు పూడ్చే దశలోనే ప్రతి గదికీ స్వచ్ఛమైన రాగి క్యాట్ 6 కేబుల్ వేయించండి, రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్‌ను అదే పేరుతో చవకగా అమ్ముతారు కనుక చుట్ట మీద ఏం రాసి ఉందో చదివి తీసుకోండి.

ఏది ఎంచుకున్నా, పెట్టిన మొదటి నెలలోనే ఒకసారి తిరిగి తెచ్చుకుని చూడాలి. ఒక ఫోల్డర్‌ను మరో కంప్యూటర్‌లోకి దించి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయా, పాత వెర్షన్ దొరుకుతోందా, ఎన్‌క్రిప్షన్ సంకేతపదం ఆ ల్యాప్‌టాప్‌లో కాక మరెక్కడైనా రాసి ఉందా అన్నవి పరిశీలించాలి. రెస్టిక్ వంటివాటిలో సంకేతపదం పోతే డేటా ఎవరికీ దొరకదు. డిస్క్ పూర్తిగా పోయి మొత్తం తిరిగి ఎక్కించవలసి వచ్చినప్పుడు మాత్రం వైఫైని నమ్ముకోకుండా, తొలి బ్యాకప్‌కు వాడిన లాన్ అడాప్టర్‌తోనే ప్రధాన నోడ్ దగ్గర కూర్చోవాలి కాబట్టి, ఆ అడాప్టర్‌ను నాస్ పక్కనే ఉంచండి.